పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల్ని రెసిడెన్షియల్ వేసవి సంగీత శిబిరానికి పంపేముందు

పోరంకి_అమ్మ | ఏప్రిల్ 9, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. మే మొదటి వారం నుంచి 15 రోజుల కర్ణాటక సంగీత శిబిరం, అక్కడే ఉండి నేర్చుకునేది. పిల్లలిద్దర్నీ పంపుతున్నాం. బాబుకి 14, గాత్రం. ఆది తాళ వర్ణాలు (కీర్తనలకి ముందు నేర్పే సాధన పాటలు), చిన్న కీర్తనలు వచ్చు. గొంతు మారడం మొదలైంది. పాపకి 16, వయొలిన్. ఇద్దరూ ఇల్లు వదిలి ఇన్ని రోజులు ఉండటం ఇదే మొదలు. అక్కడ రోజు ఎలా గడుస్తుంది, ఏం సర్దాలి, ముందుగా నిర్వాహకుల్ని ఏం అడగాలి? గొంతు మారే వయసులో పంపొచ్చా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

శిబిరం_నిర్వహణ | ఏప్రిల్ 9, ఉదయం 11:45

నమస్తే అండి. చాలా శిబిరాల్లో రోజు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. తెల్లవారి 5కి లేపుతారు. 5:30 నుంచి 7 వరకు సాధన: గాత్రం వాళ్లకి మంద్ర స్థాయి (కింది స్వరాలు), అకార సాధన ('ఆ' అంటూ పాడటం), వాద్యం వాళ్లకి సరళీ, జంట స్వరాలు, అలంకారాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. 8కి టిఫిను. 9 నుంచి 11 వరకు కొత్త పాఠం, తర్వాత ఒక గంట లక్షణం, అంటే సంగీత శాస్త్రం: మేళకర్తలు (మూల రాగాలు), తాళాంగాలు (తాళంలోని భాగాలు), నొటేషన్ రాయడం. భోజనం చేశాక 3 దాకా విశ్రాంతి. ఎండల్లో ఆ సమయంలో నిద్రపోనివ్వని శిబిరం మంచిది కాదు. సాయంత్రం సొంత సాధన, ఇంకో పాఠం, రాత్రి కాసేపు పాటలు వినడం లేదా భజన. 9:30కి దీపాలు ఆర్పేస్తారు.

మొదటి రోజు పరీక్షలాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని బట్టే బ్యాచ్ వేస్తారు, అందుకే ముందే చెబుతున్నా. అడిగేవి ఇవి: చేత్తో తాళం వేస్తూ వర్ణం రెండు కాలాల్లో, ఒక కీర్తన, గురువు పాడిన నాలుగైదు స్వరాలు గుర్తుపట్టడం. ఎక్కువమంది పిల్లలు తడబడేది రెండో కాలంలో. పాట బాగానే వస్తుంది, చెయ్యి మాత్రం పాటతో పాటు పరుగెడుతుంది. రెండో కాలంలో తాళం అదే నడకలో ఉండాలి, స్వరాలే రెట్టింపు కావాలి. ఇంటి దగ్గర ఎప్పుడూ గురువుగారు తాళం వేస్తే పాడిన పిల్లలు ఇక్కడ దొరికిపోతారు. ఇంకా మూడు వారాలుంది కదా, రోజూ ఒక వర్ణం తనే తాళం వేసుకుంటూ పాడమనండి.

తక్కువ బ్యాచ్‌లో వేశారని బాధపడొద్దు, తల్లిదండ్రులు ఫోన్ చేసి మార్చమని అడగనే వద్దు. మూడు నాలుగు రోజులయ్యాక మాస్టార్లే అటూ ఇటూ మారుస్తారు.

---

కంఠసాధన | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 2:10

గొంతు మారే వయసు గురించి. పంపొచ్చు, కాని రెండు షరతులు.

మగపిల్లల్లో సుమారు 12 నుంచి 15 ఏళ్ల మధ్య స్వరపేటిక పెరుగుతుంది, అందులో స్వర తంత్రులు పొడవై మందమవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆ దిగడం ఒక్కరోజులో జరగదు. కొన్ని నెలలపాటు మధ్యలో ఒక చోట పగులుతూ ఉంటుంది. పొద్దున పలికిన స్వరం సాయంత్రం పలకదు. అది సాధన లోపం కాదు, బద్ధకం అంతకన్నా కాదు.

మొదటి షరతు: అబ్బాయిలకి వేరే శ్రుతి (పాటకి ఆధారమైన 'స' ఎత్తు, అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది), వేరే బ్యాచ్ ఉందా అని అడగండి. అమ్మాయిల బృందం 5 శ్రుతిలో పాడుతుందనుకోండి. గొంతు దిగిన అబ్బాయికి 1 శ్రుతి సరిపోతుంది. అమ్మాయిల మధ్య స్థాయి షడ్జమం (స) వాడికి పంచమం (ప) అవుతుంది. వాళ్లు తార షడ్జమం (పై స్థాయి స) అందుకునేసరికి వీడు తన తార పంచమం అందుకోవాలి. పెద్ద విద్వాంసులకే అది కష్టమైన చోటు. అలా రోజుకి నాలుగు గంటలు అరిస్తే నాలుగో రోజుకి గొంతు బొంగురుపోతుంది, ఆ ఒత్తిడితో పాడే అలవాటు తర్వాత కూడా వదలదు. "అందరితో పాటు పాడెయ్, అదే వస్తుంది" అనే శిబిరానికి ఈ ఏడాది పంపకండి.

రెండో షరతు: పలికిన మేరకే పాడనివ్వాలి. మధ్య షడ్జమం నుంచి పంచమం దాకా హాయిగా పలుకుతుంటే ఆ అయిదు స్వరాల్లోనే సాధన. పై స్థాయి సంగతులు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే రకాలు) వచ్చినప్పుడు నోరు మూసుకుని తాళం వేస్తూ వినడం, మనసులో పాడుకోవడం. ఈ పిల్లలకి శిబిరంలో నిజంగా లాభమయ్యేవి తాళం, స్వరజ్ఞానం, నొటేషన్. ఆ పదిహేను రోజులూ వాటి మీద పెడితే గొంతు కుదురుకునేసరికి బోలెడంత సరుకు చేతిలో ఉంటుంది.

అమ్మాయిల గొంతు కూడా ఈ వయసులో కొంచెం మారుతుంది. గాలి కలిసినట్టు పలకడం, పై స్థాయిలో బలం తగ్గడం కనిపిస్తాయి. అంతగా బయటపడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

---

నల్గొండ_నాన్న | ఏప్రిల్ 9, సాయంత్రం 6:30

కంఠసాధన గారూ, బొంగురుపోతే ఏం చెయ్యాలో కూడా చెప్పండి. మా దిక్కు అందరూ మిరియాల పాలు, పటికబెల్లం అంటరు. ఇంకోటి, పెరుగు, చల్లనీళ్లు బంద్ చెయ్యాల్నా?

---

కంఠసాధన | ఏప్రిల్ 9, రాత్రి 8:05

మిరియాల పాలు తాగితే హాయిగా ఉంటుంది, తప్పులేదు. కాని బొంగురుకి మందు విశ్రాంతి ఒక్కటే. ఒక రోజు, అవసరమైతే రెండు రోజులు పాడకుండా, అవసరానికి మించి మాట్లాడకుండా ఉండాలి. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకుంటారు. బలవంతపు గుసగుస కూడా శ్రమే, మెల్లగా మామూలు గొంతుతో మాట్లాడటం నయం. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానిపించండి, దానికి బదులు ఒక గుక్క నీళ్లు తాగమనండి. మామూలు ఆవిరి పట్టొచ్చు. ఘాటు చల్లదనం ఇచ్చే బిళ్లలు గొంతుని ఎండగడతాయి, వద్దు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా పాడేటప్పుడు నొప్పి ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి.

పెరుగు మానాల్సిన పనిలేదు. మే నెలలో అసలు ఇబ్బంది కొత్తావకాయ! అన్నంలో నూనె ఓడేలా కలుపుకుని రాత్రి 9కి తిని, 9:30కి పడుకుంటే కడుపులో పులుపు పైకి ఎగదన్ని గొంతు వాస్తుంది. తెల్లవారుజాము సాధనలో గొంతు పట్టేసినట్టు ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే. రాత్రి భోజనానికి, నిద్రకి మధ్య రెండు గంటలు ఎడం ఉంటే మంచిది. శిబిరం వేళల్లో అది కుదరకపోతే రాత్రి పూట పచ్చడి, వేపుడు వద్దని పిల్లవాడికే చెప్పండి.

నీళ్లు రోజుకి రెండున్నర లీటర్లకి తగ్గకూడదు. ఎండ ఎక్కువ ఉన్నచోట ఇంకా ఎక్కువ.

---

ఫిడేలు_మరమ్మతు | ఏప్రిల్ 10, ఉదయం 9:15

పాప వయొలిన్ గురించి. ముందు శిబిరంలో ఏ శ్రుతికి కడతారో ఫోన్ చేసి కనుక్కోండి. క్లాసులో పదిమంది ఫిడేళ్లు ఒకే శ్రుతిలో ఉండాలి కదా. ఇంట్లో వేరే శ్రుతిలో వాయించే పిల్ల అక్కడికి వెళ్లి ఒకేసారి బిగిస్తే సన్నటి పై పంచమం తీగ తెగుతుంది. లేకపోతే కొత్త బిగువుకి తీగలు సర్దుకోక రెండు రోజులు గంటకోసారి శ్రుతి దిగుతుంది. వెళ్లడానికి వారం ముందే ఇంట్లో ఆ శ్రుతికి కట్టి వాయించుకోమనండి. శ్రుతి పెంచుతూ పోతే బ్రిడ్జి (తీగలు ఆనే నిలువు చెక్క) మెల్లగా మెడ వైపు వాలుతుంది. దాని వెనక ముఖం ఫిడేలు పై చెక్క మీద నిట్టనిలువుగా ఉందో లేదో రోజూ ఒకసారి పక్కనుంచి చూడాలి. వాలితే తీగలు కాస్త వదులు చేసి రెండు చేతులతో పట్టుకుని సరిచెయ్యాలి. వాలినదాన్ని అలాగే వదిలేస్తే ఒక మధ్యాహ్నం ధడేల్మని పడిపోతుంది. ఆ దెబ్బకి ఫిడేలు లోపల నిలబెట్టిన పుల్ల కూడా జారిందంటే శిబిరంలో బాగుచేసేవాళ్లు దొరకరు.

వెంట ఉండాల్సినవి: సన్నటి తీగలు రెండు, మిగతావి ఒక్కొక్కటి, రోజిన్ (కమానుకి, అంటే వాయించే కర్రకి రాసే గుగ్గిలం) ఒకటి, పొడి మెత్తటి గుడ్డ రెండు, ఒక సుద్దముక్క. బిరడా (తీగ బిగించే కొయ్య మర) జారుతుంటే సుద్ద కొద్దిగా రాయాలి. బిగుసుకుపోతే పొడి సబ్బు పలచగా రుద్దాలి. బెజవాడలో వడగాలికి కర్ర ఎండి బిరడాలు జారతాయి. విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోతకి ఉబ్బి పట్టేస్తాయి. అందుకే శిబిరం ఎక్కడో చూసుకుని సర్దుకోండి.

సాధన అవగానే కమాను వెంట్రుకలు వదులు చెయ్యడం ఎవరూ గుర్తుచెయ్యకుండానే అలవాటు కావాలి. పెట్టెని రేకుల షెడ్డు కింద, ఆగి ఉన్న కార్లో, కిటికీ ఎండలో పెట్టొద్దు. వేడికి రోజిన్ కరిగి పెట్టెకి అంటుకుంటుంది, జిగురు అతుకులు వదులుతాయి. పడుకునే గదిలో మంచం కింద కన్నా గోడ పక్కన నేల మీద, కాళ్లు తగలని మూల మంచిది.

---

వీణ_మెట్లు | ఏప్రిల్ 10, మధ్యాహ్నం 12:40

వీణ పిల్లల్ని పంపేవాళ్ల కోసం కూడా నాలుగు ముక్కలు. వీణకి ఎండ అసలు పడదు. వేళ్లతో తీగ నొక్కే 24 మెట్లూ మైనం గట్టు మీద నిలబడి ఉంటాయి. వేడికి మైనం మెత్తబడితే, వేలు గట్టిగా నొక్కి గమకం (స్వరాన్ని ఊపడం) లాగిన ప్రతిసారీ మెట్టు వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. పిల్లకి అపస్వరం వినిపిస్తుంది, తన వేలిదే తప్పనుకుని ఇంకా గట్టిగా నొక్కుతుంది, మెట్టు ఇంకా జరుగుతుంది.

సరిచూసే పద్ధతి సులువు. మెట్ల మీద వాయించే మొదటి తీగని ఏమీ నొక్కకుండా మీటండి. తర్వాత పన్నెండో మెట్టు మీద నొక్కి మీటండి. సరిగ్గా పై స్థాయి షడ్జమం పలకాలి. పలకలేదంటే ముందు తీగ పాతబడిందేమో చూడండి. తీగ మంచిదే అయితే మెట్లు జరిగినట్టు. అప్పుడు మేళం కట్టేవాళ్లు, అంటే మెట్లు నిలిపే పనివాళ్లు, మైనం వేడిచేసి మళ్లీ నిలపాలి. పిల్లలు కొవ్వొత్తి పెట్టి తామే సర్దే ప్రయత్నం చెయ్యకూడదు, ఒకటి సర్దబోతే పక్కన నాలుగు కదులుతాయి. బొబ్బిలి, నూజివీడు చేరువలో శిబిరమైతే పనివాళ్లు దొరుకుతారు. లేకపోతే బయలుదేరే ముందే ఒకసారి చూపించుకుని వెళ్లాలి.

వేళ్ల సంగతి: రోజుకి గంట వాయించే పిల్ల మూడు గంటలు వాయిస్తే మూడో రోజుకి ఎడమ చూపుడు, మధ్య వేళ్ల మీద తీగ గీతలు కోతలవుతాయి. కొబ్బరినూనె చుక్క రాసుకుని వాయిస్తే వేలు సులువుగా జారుతుంది. బొబ్బ లేస్తే చిదమకూడదు, ఆ రోజు సాధన తగ్గించి స్వరాలు నోటితో పాడుకోవాలి.

---

కండరాల_వైద్యం | ఏప్రిల్ 10, సాయంత్రం 4:00

పై మాటకి కలుపుతున్నాను. ఇంట్లో ముప్పావు గంట సాధన చేసే పిల్లలు అక్కడ ఒక్కసారిగా అయిదారు గంటలు కూర్చుంటారు. మొదట దెబ్బతినేది గొంతో వేలో కాదు, నడుము, మోకాళ్లు, భుజం. ఇప్పటినుంచే మొదలుపెట్టండి: ఈ వారం రోజుకి గంట, వచ్చే వారం గంటన్నర, ఆ తర్వాతి వారం రెండు గంటలు రెండు విడతలుగా. అన్నీ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునే. కుర్చీలో కూర్చుని సాధన చేసి వెళ్లిన పిల్లలకి అక్కడ కాళ్లు తిమ్మిరెక్కుతాయి. రెండంగుళాల మందం ఉన్న గట్టి దిండు పిర్రల కింద పెట్టుకుంటే నడుం నిలబడుతుంది, మోకాళ్లు కిందికి దిగుతాయి.

ఫిడేలు పిల్లలు కుడి చీలమండ మీద ఫిడేలు కొసను ఆనించి వాయిస్తారు కాబట్టి ఆ కాలు కదపరు. ప్రతి 40 నిమిషాలకి లేచి అయిదు నిమిషాలు నడవాలి. అలసటకి పుట్టే సలుపు రాత్రి నిద్రకి తగ్గుతుంది. వేళ్లలో తిమ్మిరి, మణికట్టులో సూదులు గుచ్చినట్టు ఉండటం, పొద్దున లేచినా పోని నొప్పి ఉంటే వాయించడం ఆపి మాస్టారికి చెప్పాలి. ఓర్చుకోవడం గొప్ప అని ఈ వయసు పిల్లలు అనుకుంటారు. ఇది మాత్రం ఇంటి నుంచే చెప్పి పంపండి.

---

పాఠాంతరం | ఏప్రిల్ 10, రాత్రి 9:20

ఇంతవరకు ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. ఇంటి దగ్గర నేర్చుకున్న కీర్తననే శిబిరంలో వేరే సంగతులతో, ఒక్కోసారి వేరే ఎత్తుగడతో (పాట ఎత్తుకునే తీరుతో) చెబుతారు. త్యాగరాజు నుంచి మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన నుంచి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. మన బెజవాడకి అందిన శిష్య పరంపర ఇది. తమిళనాట వేరే పరంపరల్లో అవే కీర్తనలు వేరేగా నిలిచాయి. ఏదీ తప్పు కాదు. కాని పద్నాలుగేళ్ల పిల్లవాడు "మా గురువుగారు ఇలా చెప్పలేదే" అని క్లాసులో అంటే ఇబ్బంది. తిరిగొచ్చి కొత్త పద్ధతిలో ఇంటి గురువుగారి ముందు పాడితే అంతకన్నా ఇబ్బంది.

కాబట్టి మూడు పనులు. పంపేముందు గురువుగారి దగ్గరకి పిల్లల్ని తీసుకెళ్లి చెప్పి, ఆశీర్వాదం తీసుకుని, ఏ కీర్తనలు అక్కడ నేర్చుకోవచ్చో అడగండి. వీలైతే ఇంతవరకు రాని కీర్తనలే అక్కడ నేర్చుకోవడం మంచిది. శిబిరం నొటేషన్‌కి వేరే పుస్తకం పెట్టండి, పాత పుస్తకంలో దిద్దుళ్లు వద్దు. తిరిగొచ్చాక నేర్చుకున్నదంతా గురువుగారికి వినిపించి, ఏది ఉంచుకోవాలో ఆయన్నే చెప్పమనండి.

---

శిబిరం_నిర్వహణ | ఏప్రిల్ 11, ఉదయం 8:30

పాఠాంతరం గారూ, మిగతా మాటలతో ఏకీభవిస్తాను. రాని కీర్తనలే నేర్చుకోవాలన్న దాంతో మాత్రం కాదు. వచ్చిన కీర్తననే ఇంకో రకంగా వింటే పిల్లల చెవి తెరుచుకుంటుంది. ఒకే రాగంలో ఒకే సాహిత్యం రెండు దారుల్లో నడవడం చూస్తేనే సంగతి అంటే ఏమిటో తెలుస్తుంది. పదహారేళ్ల పిల్లకి ఆ తేడా చూపించాల్సిన వయసే ఇది.

---

పాఠాంతరం | ఏప్రిల్ 11, ఉదయం 10:10

పదహారేళ్ల పిల్లకి సరే. పద్నాలుగేళ్లవాడికి, అందులోనూ వర్ణాలు దాటి ఇప్పుడే కీర్తనల్లోకి వచ్చినవాడికి, రెండు దారులు కలిసిపోయి మూడోది తయారవుతుంది. దాన్ని విడదీయడానికి నెలలు పడుతుంది. అందుకే వయసుని కాకుండా ఎంతవరకు వచ్చిందన్నది చూసి నిర్ణయించమంటాను.

ఇంకో మాట. కరపత్రంలో "15 రోజుల్లో 12 కీర్తనలు" అని రాసిన శిబిరం అంటే నాకు భయం. రోజుకి రెండు గంటల పాఠంతో ఒక వర్ణం, మూడు నాలుగు కీర్తనలు నిలబడేలా నేర్పగలిగితే అదే గొప్ప. త్యాగరాజు రాసిన అయిదు పెద్ద కీర్తనలు, ఘనరాగ పంచరత్నాల్లో ఒకదాన్నే తీసుకున్నా స్వరం, సాహిత్యం, చరణాలన్నీ కలిపి కంఠస్థం కావడానికి పదిహేను రోజులూ చాలవు.

---

వార్డెన్_అక్క | ఏప్రిల్ 11, మధ్యాహ్నం 3:25

అమ్మా, డబ్బు కట్టే ముందు వీటికి సూటిగా జవాబు తీసుకోండి. అమ్మాయిల గదుల్లో రాత్రి పడుకునే ఆడమనిషి ఎవరు, ఎంతమందికి ఒకరు? విడిగా ఒక్కరికే పాఠం చెప్పేటప్పుడు తలుపు తెరిచి ఉంటుందా? నడవాలోంచి కనిపించే గదేనా? ఏదైనా ఇబ్బంది వస్తే పిల్లలు ఎవరికి చెప్పాలి? ఆ మనిషి పాఠం చెప్పే గురువు కాకుండా వేరొకరై ఉండాలి. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. ఈ ప్రశ్నలు అడిగితే నొచ్చుకునే నిర్వాహకుల దగ్గరకి పిల్లల్ని పంపనక్కర్లేదు. గురుభక్తి వేరు, పిల్లల భద్రత వేరు. చైల్డ్‌లైన్ 1098 నంబరు ఇద్దరికీ నోటికి వచ్చి ఉండాలి. ఫోన్లు తీసేసుకునే చోట పిల్లలు ఇంటికి ఫోన్ చేసుకోవడానికి ఏ ఫోన్, ఏ సమయం అన్నది కూడా ముందే తేల్చుకోండి.

నెలసరి రోజుల్లో ఏం పద్ధతో కూడా అడగండి. కొన్నిచోట్ల పూజగదికి, వేదిక మీదకి రానివ్వరు. ఒకటి రెండు చోట్ల క్లాసులో కూడా విడిగా కూర్చోమంటారు. పాపకి అక్కడికెళ్లాక అందరి ముందు తెలియడం బాగుండదు. ఆ పద్ధతి మీకు సమ్మతం కాకపోతే వేరే శిబిరం చూసుకోండి. తేదీ కాకపోయినా ప్యాడ్లు పెట్టి పంపండి. నిద్ర, తిండి వేళలు మారితే తేదీ కూడా మారుతుంది.

సర్దాల్సినవి: వదులుగా ఉండే నూలు బట్టలు ఏడు జతలు, వేదికకి పాపకి ఒక పరికిణీ ఓణీ, బాబుకి పంచె లాల్చీ. ముందే కట్టుకోవడం నేర్పండి, అక్కడ ఇరవైమందికి కట్టడానికి ఎవరూ ఉండరు. దుప్పట్లు రెండు, దోమతెర, రెండు స్టీలు నీళ్ల సీసాలు, పెట్టెకి తాళం, టార్చిలైటు, ఎండ టోపీ లేదా గొడుగు. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఆరు, పొట్లం మీద ఉన్న కొలత ప్రకారం నీళ్లలో కలపాలని రాసి పెట్టండి. రోజూ వాడే మందులుంటే చీటీ నకలుతో పాటు వార్డెన్ చేతికే ఇవ్వండి.

ఫోన్లో తంబురా యాప్ ఉంది కదా అని ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె ఇంట్లో వదిలెయ్యకండి. ఫోన్ తీసుకున్నాక శ్రుతి లేకుండా సాధన చెయ్యాల్సి వస్తుంది. ప్లగ్గులు తక్కువ ఉంటాయి, నాలుగు ప్లగ్గులు పట్టే బోర్డు ఒకటి పెట్టండి. మేలో కరెంటు పోతుంది కాబట్టి బ్యాటరీతో నడిచే పెట్టైతే ఇంకా మేలు. వస్తువులన్నిటి మీదా పేరు రాయండి, ముఖ్యంగా రోజిన్, నొటేషన్ పుస్తకం. అవే ఎక్కువ పోతాయి.

---

మృదంగం_చెయ్యి | ఏప్రిల్ 11, సాయంత్రం 7:50

ఈ చర్చ చదివే మృదంగం పిల్లల అమ్మానాన్నలకి. ఎడమ వైపుకి బొంబాయి రవ్వ తడిపి ముద్ద వేస్తారు కదా, అది సాధన అవగానే గీకి తీసి, పొడి గుడ్డతో తుడవాలి. రాత్రంతా ఉంచితే చీమలు, బొద్దింకలు చేరి రవ్వతో పాటు చర్మాన్ని కూడా కొరుకుతాయి, తడికి చర్మం కుళ్లుతుంది. పావు కిలో రవ్వ మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి పంపండి, వంటింట్లో అడగాల్సిన అవసరం ఉండదు. పక్కవాద్యంగా వాయించాలంటే పాడేవాళ్ల శ్రుతికి సరిపడే మృదంగం కావాలి. అమ్మాయిల 5 శ్రుతికి 22 అంగుళాలది, అబ్బాయిల 1, 2 శ్రుతులకి 24 అంగుళాలది. రెండూ లేకపోతే శిబిరం వాళ్లదే వాడుకోవచ్చా అని అడగండి. ఎండలో పెట్టి శ్రుతి పెంచుకునే పని చెయ్యొద్దు, కుడివైపు నల్లమచ్చ పగుళ్లిస్తుంది.

---

డల్లాస్_తెలుగు | ఏప్రిల్ 12, ఉదయం 6:15

అమెరికా నుంచి పిల్లల్ని ఇలాంటి శిబిరాలకి తెచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్ల కోసం కాస్త. దిగిన మర్నాడే శిబిరంలో దింపకండి. పగలు రాత్రి తేడా సర్దుకోవడానికి వారం కావాలి. తెల్లవారి 5కి లేవడం మొదటి రోజుల్లో సులువే, సాయంత్రం 5 పాఠంలో మాత్రం నిద్ర ముంచుకొస్తుంది. అమెరికా 110 వోల్టుల పరికరాలు ఇక్కడి 230కి పనికిరావు, శ్రుతి పెట్టె ఇక్కడే కొనండి. కాచి చల్లార్చిన నీళ్లు, వేడి వేడి భోజనం తప్ప మొదటి వారం బయట తిండి వద్దు.

అసలు ఇబ్బంది భాష. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు కూడా పాటని ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుంటారు. అందులో ల, ళ ఒకటే, న, ణ ఒకటే, పొట్టి పొడుగు తేడా ఉండదు, ఒత్తులు పోతాయి. గురువు పాడింది ఒకటి, పుస్తకంలోంచి వచ్చేది ఇంకొకటి. వచ్చే ముందు రెండు నెలలు రోజూ పావుగంట తెలుగు చదవడం నేర్పిస్తే చాలు. గడగడా చదవక్కర్లేదు, కీర్తన నడకకి అందుకోగలిగితే చాలు.

---

పోరంకి_అమ్మ | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:30

ఎంత వివరంగా చెప్పారండీ, అందరికీ ధన్యవాదాలు. అబ్బాయిలకి వేరే బ్యాచ్ 1 శ్రుతిలో ఉందని చెప్పారు, రాత్రి పడుకునే వార్డెన్ గురించి కూడా చెప్పారు. ఇంకో సందేహం. బాబు ఇంటి మీద బెంగ పెట్టుకుంటే? వచ్చి తీసుకెళ్లమంటే?

---

వార్డెన్_అక్క | ఏప్రిల్ 12, సాయంత్రం 5:45

బెంగ ఎక్కువగా వచ్చేది రెండో రోజు రాత్రి నుంచి నాలుగో రోజు దాకా. అప్పటికి కొత్తదనం తగ్గుతుంది, స్నేహితులు ఇంకా కుదరరు. ఇంట్లో తనే బాగా పాడతాడు కాబట్టి, అక్కడ తనకన్నా బాగా పాడేవాళ్లు పదిమంది కనపడటం కూడా కలుస్తుంది. ఫోన్లో "నాకు ఇక్కడ బాగోలేదు" అంటే చాలాసార్లు దాని అర్థం ఇదే. ఏ పాట చెబుతున్నారు, పక్క మంచం ఎవరిది, ఏం తిన్నావు అని అడగండి. వాళ్లంతట వాళ్లే మాటల్లో పడతారు.

రాత్రి ఫోన్ వద్దు, ఏడుపు పడుకునేముందే వస్తుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత పెట్టుకోండి. "నచ్చకపోతే వెంటనే వచ్చేస్తాం" అని వెళ్లేటప్పుడు మాటివ్వకండి, పిల్లవాడు పాఠం మీద కాకుండా ఆ మాట మీద కూర్చుంటాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే చోట ఉన్నారు కాబట్టి తమ్ముడి బాధ్యతంతా పాప మీద పెట్టొద్దు. ఆ పిల్ల కూడా నేర్చుకోవడానికే వెళ్తోంది.

అయిదో రోజు దాటినా తినకపోవడం, నిద్ర లేకపోవడం, ఎవరి పేరో చెప్పి ఆ క్లాసుకి వెళ్లనంటే మాత్రం బెంగ అని కొట్టిపారెయ్యకండి. వెంటనే బయలుదేరి వెళ్లి, పిల్లవాణ్ణి పక్కకి తీసుకుని ఒంటరిగా మాట్లాడండి.

---

నల్గొండ_నాన్న | ఏప్రిల్ 12, రాత్రి 8:40

ఆఖరి రోజు కచేరీ ఉంటది కదా, దానికి ముందే ఏమన్న చేపించాల్నా? వచ్చినంక సాధన ఎట్ల?

---

కంఠసాధన | ఏప్రిల్ 13, ఉదయం 7:55

ఆఖరి రోజుది బృందగానం, ఒక్కొక్కరి కచేరీ కాదు. ఒంటరిగా పాడించేది బాగా ముందున్న ఇద్దరు ముగ్గుర్నే. "మా వాడికి మైకు ఇవ్వలేదు" అని అక్కడ నిర్వాహకులతో వాదన వద్దు. గొంతు మారుతున్న అబ్బాయిల్ని ముందు వరుసలో తాళానికి కూర్చోబెడితే అది చిన్నతనం కాదు, బృందమంతా ఆ చెయ్యి చూసే పాడుతుంది. ముందురోజు రిహార్సలు అంటూ గొంతులు చించుకుంటారు. ఆ రోజు సగం గొంతుతో పాడమని ఫోన్లో గుర్తుచెయ్యండి.

తిరిగొచ్చాక రెండు రోజులు పాడొద్దు, వాయించొద్దు. మూడో రోజు నుంచి నేర్చుకున్న నాలుగు కీర్తనలూ రోజుకి ఒక్కొక్కటి చొప్పున పుస్తకం మూసి పాడుకోవాలి. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టాలి. శిబిరం వాళ్లు రికార్డింగ్ ఇచ్చి ఉంటే ఆ గుర్తు పెట్టిన చోటే వినాలి, పాటంతా కాదు. రికార్డింగుకి అనుమతి లేకపోతే బయలుదేరే ముందే ఆ పాట బాగా వచ్చిన స్నేహితుల ఫోన్ నంబరు తెచ్చుకోమనండి.

---

ఫిడేలు_మరమ్మతు | ఏప్రిల్ 13, ఉదయం 9:30

ఒక్కటి మరిచాను. తీసుకురావడానికి వెళ్లినప్పుడు ఫిడేలు పెట్టె తెరిచి అక్కడే చూసుకోండి: కమాను ఉందా, బ్రిడ్జి నిలువుగా ఉందా, ఫిడేలు చెక్క అంచుల దగ్గర అతుకు ఎక్కడన్నా విడిందా. అతుకు విడితే వేలి కణుపుతో అంచు చుట్టూ మెల్లగా తట్టితే ఆ చోట బొళుకుమని వేరే చప్పుడు వస్తుంది. అలాంటిది కనిపిస్తే తీగలు ఒక స్వరం కిందికి దించి ఇంటికి తెచ్చి, సాధన మొదలుపెట్టకముందే అతికించుకోండి. కారు వెనక డిక్కీలో వెయ్యకండి, మే ఎండకి ఆ అతుకే ముందు ఊడుతుంది.